సుత్తి రొయ్య

ఈ ఊళ్లో దీన్ని ఆవిరి మీద ఉడికించి
కత్తెరతో రెండంచులూ కోసి, పెంకు ఒలుచుకు తింటారు.
అందుకే పిల్నమ్ అవ్వ నా కొట్టుకొచ్చి
"పెంచుకోడానికి ఒకటి కావాలి" అన్నప్పుడు
నాకే సరిగా వినబడలేదనుకున్నాను.

వినబడనిది ఆవిడకి.
ముప్పై యేళ్లు యోంగ్దో రేవులో
గట్టెక్కించిన ఓడల పొట్టలకి
తాళ్లకు కట్టిన పలక మీద వేలాడుతూ
సుత్తితో తుప్పు రాల్చిన మనిషి.
ఖంగ్, ఖంగ్, పొద్దస్తమానం ఖంగ్.
ఓడలు బాగుపడి వెళ్లిపోయాయి.
చెవులు ఇక్కడే, రేవులో రాలిపోయాయి.

మొదట నెమలి రొయ్యని చూపించాను.
ఆకుపచ్చ ఒళ్లు, నారింజ కాళ్లు, తోకంచున ఎరుపు.
ధర చెబితే ఎవరైనా ఒక అడుగు వెనక్కేస్తారు.
అవ్వ కళ్లజోడు సర్దుకుని ముందుకే వంగింది.
వీపు పెంకు మీద గోధుమరంగు గుంట,
పెసరగింజంత.
"తుప్పు" అంది.

నిజమే. ఎక్కువ వెలుగులో ఉంచితే పట్టే రోగం.
కొనేవాళ్లకి రంగులు కనబడాలని
నేనే పెట్టిన దీపం.

రెండోది ఈటె రకం. ఇసకలో కూరుకుపోయి
కళ్లు మాత్రం పైన పెట్టుకుని కాచుకుంటుంది.
"ఇలాంటి చుట్టాలు నాకున్నారు" అని
పక్క తొట్టికి నడిచింది.

చివర్లో, ప్లాస్టిక్ గ్లాసులో, మూత కింద,
చూపుడువేలంతది, పాచిరంగుది.
పగడపు రాయిలో దొంగగా ఎక్కి వచ్చి
నా పీతల్ని రెండింటిని మింగిన పిడుగు.
పారెయ్యబోతున్నాను.
అవ్వ గ్లాసు మీద వేలు ఆనించింది.
టక్.
వేలు తియ్యలేదు. మళ్లీ టక్.
"ఊరికే వచ్చినదానికి డబ్బులడుగుతావా?"
ఒక కాఫీ ధరకి ఇచ్చేశాను.

కాగితం మీద పెద్దక్షరాలతో రాశాను:
గాజు తొట్టి వద్దు, ఆక్రిలిక్ మేలు.
వంటింటి ఉప్పు వద్దు. వెయ్యి పాళ్లకి ముప్పై అయిదు, రోజూ చూడాలి.
దాక్కోడానికి గొట్టం ఒకటి, లోపల వెనక్కి తిరిగేంత వెడల్పు.
నత్తల్ని పెంకుతోనే వెయ్యాలి, కొట్టే పని లేకపోతే దానికి తోచదు.
తోడుకి చేపని పెట్టకూడదు, పెడితే అది తోడు కాదు, భోజనం.
చెయ్యి పెట్టకూడదు. దీని కింద రెండు గీతలు.

ఏడు వారాలకి మళ్లీ వచ్చింది, కాగితం పట్టుకుని.
ఆమె వెనకే కొండమీదికి నూట నలభై మెట్లు ఎక్కాను.
గొట్టం నోటికి లోపల్నించి రాళ్లు పేర్చి ఉన్నాయి,
ఒక్కొక్కటీ కొలిచి అమర్చినట్టు.
అయిదు రోజులుగా నత్త ముట్టలేదు.
"చచ్చిపోయిందా?
పక్కింటి ఒక్బున్ అయితే, ముందే వండుకోవాల్సింది అంటోంది."

రాసి చూపించాను: కుబుసం విడుస్తోంది.
సుత్తి మళ్లీ గట్టిపడేదాకా
ఎవరికీ కనబడదు.
అవ్వ రెండుసార్లు చదివింది.
"మాకెవరూ ఇలాంటి సెలవివ్వలేదు" అంది,
టీ పెట్టడానికి లేస్తూ.

ఆ నెలాఖరులో ఒక్బున్ నా కొట్టుమీదికే వచ్చింది:
రాత్రి రెండింటికి గోడవతల ఎవరో మేకులు కొడుతున్నారట,
అడిగితే ముసలామె తొట్టి మీంచి అరచెయ్యి తియ్యకుండా
"నాకేం వినబడదమ్మా" అని నవ్విందట.

ఆవిడ వెళ్లాక
నెమలి రొయ్య తొట్టి మీద దీపం తీసేశాను.
ధర చీటీ కూడా.
నీళ్లు కాస్త మసగ్గా కనబడుతున్నాయి.
మచ్చ పెరగలేదు, తగ్గలేదు.
పెసరగింజంతే ఉంది.